పొలం వీడియోలు ఎడిట్ చేసి డీవీడీ చేసుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి?

జీవామృతం, కషాయాల గురించిన ప్రశ్నలు ఎప్పుడూ ఉండేవే. ఈమధ్య వాటితో పాటు ఇంకో ప్రశ్న తరచుగా వస్తోంది. "తమ్ముడూ, ఫోన్లో బోలెడు వీడియోలు తీశాం. వాటిని కట్ చేసి, అక్షరాలు వేసి, మా ఊళ్లో టీవీలో చూపించాలి. డీవీడీ కూడా కావాలి. ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్తే సగమే గుర్తుంటుంది. అందుకే రాస్తున్నాను. కంప్యూటర్ స్క్రీన్ మీద చేసి చూపించిన వీడియో పైన పెట్టాను, ఏది ఎందుకు ఎంచుకోవాలో ఇక్కడ చదవండి.

యూట్యూబ్ ఉండగా ఇంకా డీవీడీ ఏంటని కొందరు నవ్వుతారు. వాళ్లు టౌన్లో ఉండేవాళ్లు. మన ఊళ్లలో అరవై దాటిన పెద్దవాళ్లు యూట్యూబ్‌లో వెతికి చూడరు. టీవీ పక్కన పాత డీవీడీ ప్లేయర్ మాత్రం ఉంటుంది, పెళ్లి వీడియోలు చూడటానికి దాచుకున్నది. సిగ్నల్ సరిగా రాని తండాలు, గూడేలు ఉన్నాయి. పొదుపు సంఘం మీటింగులో పది మందికి ఒకేసారి చూపించాలంటే ఫోన్ పనికిరాదు. శిక్షణకు వచ్చి వెళ్లేవాళ్ల చేతిలో ఒక డిస్క్ పెడితే ఇంట్లో నాన్నకో, అత్తకో చూపిస్తారు. పొలంలో అసలు పని చేసేది వాళ్లే కదా.

సాఫ్ట్‌వేర్ పేరు అడిగే ముందు ఒక విషయం తేల్చుకోండి: ఈ వీడియో చివరికి ఎక్కడ ఆడుతుంది? యూఎస్‌బీ ఉన్న కొత్త టీవీ అయితే డీవీడీ అక్కర్లేదు. హెచ్.264 రకం ఎంపీ4 ఫైల్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే చాలు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ కంటే పెద్ద ఫైల్ అందులోకి ఎక్కదు, అది గుర్తుంచుకోండి. పాత డీవీడీ ప్లేయర్లకు కూడా యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది కానీ చాలావాటికి ఎంపీ4 చదవడం రాదు. అక్కడ డిస్కే దిక్కు. వాట్సాప్‌లో పంపితే అది వీడియోని బాగా కుదించేస్తుంది. ఆకు మీద పేనుబంక ఉందో, దుమ్ము ఉందో తెలియనంతగా మసకబారుతుంది. పురుగుల్ని గుర్తుపట్టించే వీడియోలు అలా పంపకండి. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి.

ఊళ్లో చూపించడం విషయంలో డిజిటల్ గ్రీన్ వాళ్ల పద్ధతి నాకు నచ్చుతుంది. 2006లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో ఒక ప్రాజెక్టుగా మొదలై తర్వాత విడిగా సంస్థ అయింది. మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా పనిచేసింది. ఊరి రైతులతోనే చిన్న వీడియో తీయిస్తారు. బ్యాటరీతో నడిచే చిన్న ప్రొజెక్టర్ మీద కొద్దిమందికి చూపిస్తారు. మధ్యలో ఆపి "అర్థమైందా, ఎంత కలపాలన్నారు?" అని అడుగుతారు. అంటే గంట సినిమా అక్కర్లేదు. ఒక్క విషయం, ఏడెనిమిది నిమిషాలు. ఆపి మాట్లాడుకునేలా ఉంటే చాలు. ఇంత చిన్న పనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అవసరం ఉండదు.

ఇక అసలు సంగతి. ఎడిటింగ్ వేరు, డీవీడీ చేయడం వేరు. ఈ రెండూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో కావాలని వెతికితే దొరకక విసిగిపోతారు. ఒకప్పుడు విండోస్ 7లో మూవీ మేకర్, డీవీడీ మేకర్ జంటగా వాడుకునేవాళ్లం. డీవీడీ మేకర్‌ని విండోస్ 8 నుంచే తీసేశారు. మూవీ మేకర్‌కి 2017 జనవరితో మంగళం పాడారు. ఇప్పుడు వాటి పేరుతో నెట్‌లో కనిపించేవాటిలో నకిలీవి ఎక్కువ, జోలికి పోకండి. విండోస్ 11లో వచ్చే క్లిప్‌చాంప్ సులువే, ఉచితంగా 1080 వరకు వాటర్‌మార్క్ లేకుండా ఇస్తుంది. కానీ డీవీడీ చేయదు, మైక్రోసాఫ్ట్ అకౌంట్ కూడా కావాలి.

ముందు తెలుగు అక్షరాల పరీక్ష

నా లెక్కలో ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అయినా ముందు నెగ్గాల్సిన పరీక్ష ఇది. టైటిల్ వేసే చోట "నీమాస్త్రం", "బ్రహ్మాస్త్రం" అని టైప్ చేయండి. స్త్ర కింద రెండు వత్తులూ సరిగా పడితే ఆ సాఫ్ట్‌వేర్ మనకు పనికొస్తుంది. వత్తు పక్కకు జారిపోయినా, పొల్లుతో విడివిడిగా వచ్చినా, అక్షరాల బదులు డబ్బాలు కనిపించినా వదిలేయండి. పేరున్న ఖరీదైన సాఫ్ట్‌వేర్లు కూడా సెట్టింగ్ మార్చకపోతే ఇక్కడ తడబడతాయి. ప్రీమియర్ ప్రోలో దక్షిణాసియా భాషల సెట్టింగ్ విడిగా ఎంచుకోవాలి. ఫోటో స్టూడియోల్లో వాడే అను ఫాంట్లు యూనికోడ్ కాదు, మనం ఫోన్లో టైప్ చేసింది వాటిలోకి నేరుగా రాదు. యూనికోడ్‌లో రామభద్ర, మండలి, ఎన్‌టీఆర్ లాంటి మంచి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. ఏదీ కుదరకపోతే అక్షరాలు ఫోన్లో వేరే యాప్‌లో రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా దాచుకుని వీడియో మీద పెట్టుకోవచ్చు.

అక్షరాల గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. భూమికి నీటితో పాటు పారించే ద్రవ జీవామృతం ఎకరాకు 200 లీటర్లు. అదే పైరు మీద మొదటిసారి పిచికారీకి అయితే వడగట్టిన జీవామృతం 5 లీటర్లు 100 లీటర్ల నీళ్లలో కలపాలి. పొలంలో గాలి హోరు, మోటారు చప్పుడు మధ్య "ఐదు" అన్నారో "యాభై" అన్నారో వినపడకపోతే చూసినవాడు తనకు తోచింది కలుపుతాడు. మోతాదు తప్పి పైరు దెబ్బతింటే ప్రకృతి వ్యవసాయమే పనికిరాదంటాడు, పక్కవాడు కూడా మానేస్తాడు. అందుకే ప్రతి కొలతా స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో కనీసం ఐదారు సెకన్లు నిలవాలి. అంచులకు ఆనించి వేయకండి. పాత డబ్బా టీవీలు బొమ్మ అంచుల్ని నాలుగు వైపులా కొంత మింగేస్తాయి.

గాలి హోరు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా తీయలేదు. చొక్కాకు పెట్టుకునే చిన్న మైకు, దాని మీద దూది తొడుగు, ఇవి సాఫ్ట్‌వేర్ కంటే ముందు కొనాల్సినవి.

ఫోన్ యాప్‌లు, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లు

రెండు మూడు ముక్కలు అతికించి పేరు వేసుకోవడానికి ఫోన్ యాప్ చాలు. కైన్‌మాస్టర్ చాలామందికి అలవాటు, ఉచితంగా వాడితే మూలన దాని ముద్ర పడుతుంది. యూట్యూబ్ క్రియేట్ అని గూగుల్ వాళ్లదే యాప్ ఉంది, ఉచితం, ముద్ర ఉండదు. ఫోన్ యాప్‌ల మీద మరీ ఆధారపడొద్దని మాత్రం చెప్తాను. 2020 జూన్‌లో ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో వివా వీడియో కూడా ఉంది. సగం ఎడిట్ చేసి పెట్టుకున్న పనులు ఉన్నవాళ్ల సంగతి ఊహించుకోండి. క్యాప్‌కట్ మన ప్లే స్టోర్లో లేదు, దాన్ని ఎవరో పంపిన ఏపీకే ఫైల్‌తో ఎక్కించుకుంటున్నారు. మన బ్యాంకు, ఫోన్‌పే అన్నీ అదే ఫోన్లో ఉంటాయి. దయచేసి ఆ పని చేయకండి.

కంప్యూటర్ ఉన్నవాళ్లకు నేను చెప్పేది షాట్‌కట్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలో నడుస్తుంది. ఓపెన్ సోర్స్, పూర్తిగా ఉచితం, ముద్ర పడదు, లైసెన్స్ గడువు ఉండదు. మన భాషలో చెప్పాలంటే దేశీ విత్తనం లాంటిది: దాచుకోవచ్చు, పక్క రైతుకు పంచొచ్చు, ఎవరూ అడగరు. నెలనెలా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ హైబ్రిడ్ విత్తనంలా ప్రతి సీజన్‌కూ మళ్లీ కొనాల్సిందే. క్రాక్ చేసినవైతే సంచి మీద ముద్ర మాత్రమే ఉన్న నకిలీ విత్తనాలు, లోపల ఏ వైరస్ ఉందో మొలిచాకే తెలుస్తుంది.

షాట్‌కట్‌లో నాకు బాగా ఉపయోగపడేది ఇంకొకటి ఉంది. ఫోన్లు వీడియో తీసేటప్పుడు సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్య నిలకడగా ఉంచవు, వెలుతురును బట్టి మారుస్తాయి. దానివల్ల ఎడిట్ చేశాక పది నిమిషాలు గడిచేసరికి పెదాలు ఒకటి, మాట ఒకటి అవుతాయి. షాట్‌కట్ ఇలాంటి ఫైల్‌ని పసిగట్టి, ఎడిటింగ్‌కి అనువుగా మార్చమంటారా అని అడుగుతుంది. మార్చమనండి. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ముందు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేట్ ఎంచుకుని మార్చుకోవచ్చు. ల్యాప్‌టాప్ పాతదై నత్తనడక నడుస్తుంటే ప్రాక్సీ ఆన్ చేయండి. ఎడిట్ చేసేంతసేపు చిన్న నకలుతో పని నడుస్తుంది, చివర్లో అసలు వీడియోతోనే ఫైల్ తయారవుతుంది.

కేడెన్‌లైవ్ కూడా మంచిదే, కొంచెం ఎక్కువ నేర్చుకోవాలి. డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ సినిమా స్థాయిది. అయితే 16 జీబీ ర్యామ్, మంచి గ్రాఫిక్స్ కార్డ్ ఉంటేనే సుఖం. మల్చింగ్ వీడియోకి అంత అవసరం లేదని నా అభిప్రాయం. వెనక సినిమా పాట పెట్టకండి, యూట్యూబ్‌లో కాపీరైట్ పడుతుంది. సంగీతం కావాలంటే యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా ఉంది. పిట్టల కూత, గానుగ చప్పుడు ఉన్న వీడియోకి సంగీతం ఎందుకో కూడా ఆలోచించండి.

డీవీడీ చేసేటప్పుడు

ఎడిట్ చేసిన ఎంపీ4 ఫైల్‌ని డిస్క్‌లోకి కాపీ చేస్తే అది డేటా డిస్క్ అవుతుంది, పాత ప్లేయర్‌లో ఆడదు. డీవీడీ ప్లేయర్‌కు ఎంపెగ్-2 రూపంలో, వీడియో టీఎస్ అనే ఫోల్డర్‌లో, దాని లెక్క ప్రకారం ఫైళ్లు ఉండాలి. ఈ పని చేయడానికి డీవీడీ స్టైలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాని సొంత వెబ్‌సైట్ నుంచే తెచ్చుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మధ్యలో వేరే సాఫ్ట్‌వేర్ ఏదైనా అంటగడితే వద్దనండి.

కొత్త ప్రాజెక్ట్ తెరవగానే అడిగే వాటిలో మనకు ముఖ్యమైనవి రెండు. పాల్, ఎన్‌టీఎస్‌సీ అని అడిగితే పాల్, ఎందుకంటే మన దేశంలో టీవీ పద్ధతి అది. ఫోన్ అడ్డంగా పట్టుకుని తీసిన వీడియో అయితే 16:9 పెట్టండి. నిలువుగా తీసినదానికి రెండు వైపులా నల్ల పట్టీలు తప్పవు. పాల్ డీవీడీ బొమ్మ 720 బై 576 చుక్కలే, సెకనుకు 25 ఫ్రేములు. ఫోన్లో 1920 బై 1080తో తీసింది అందులోకి దిగేసరికి చిన్న అక్షరాలు కరిగిపోతాయి. అందుకే ఇందాక పెద్ద అక్షరాలు అన్నాను. ఫోన్ కెమెరాలో 25 ఫ్రేముల సెట్టింగ్ ఉంటే డీవీడీ కోసం తీసేటప్పుడు అదే పెట్టండి, కదలికలు సాఫీగా ఉంటాయి.

డిస్క్ మీద 4.7 జీబీ అని రాసి ఉన్నా కంప్యూటర్ లెక్కలో అది 4.37 జీబీనే. గంట వీడియో అయితే నాణ్యంగా పడుతుంది, రెండు గంటలు అయితే ఫర్వాలేదు. అంతకు మించి కుక్కితే బొమ్మ గళ్లుగళ్లుగా వస్తుంది. మెనూలో బీజామృతం, జీవామృతం, కషాయాలు అని విడివిడి బటన్లు పెట్టండి. రిమోట్ నొక్కి కావాల్సిన దగ్గరికి వెళ్తారు. యూట్యూబ్ కంటే పెద్దవాళ్లకు ఇదే సులువు.

నేరుగా రాయించకుండా ముందు ఐఎస్ఓ ఫైల్ చేయించి వీఎల్‌సీలో ఆడించి చూడండి. అన్ని బటన్లూ సరిగా ఉంటే అప్పుడు డిస్క్ రాయండి. పాత ప్లేయర్లకు డీవీడీ మైనస్ ఆర్ రకం ఎక్కువగా సరిపడుతుంది. వేగం 4 లేదా 8 చాలు, 16 పెడితే కొన్ని ప్లేయర్లు చదవలేక ఆగి ఆగి ఆడతాయి. రాసే మధ్యలో కరెంటు పోతే ఆ డిస్క్ చెత్తబుట్టకే, కాబట్టి డెస్క్‌టాప్ వాడేవాళ్లు త్రీ ఫేజ్ వేళలు కాదు, ఇంటి కరెంటు కోత వేళలు చూసుకోండి! కొత్త ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్ ఉండదు, యూఎస్‌బీ డీవీడీ రైటర్ బయట విడిగా దొరుకుతుంది. మొదటి డిస్క్‌ని మీ ప్లేయర్‌లోనే కాదు, పక్కింటి పాత ప్లేయర్‌లో కూడా వేసి చూసి, ఆ తర్వాతే యాభై కాపీలు తీయండి.

అసలు వీడియోలు ఎక్కడ దాచాలి?

డీవీడీ చూడటానికే, దాచడానికి కాదు. ఎండ తగిలినా, గీతలు పడినా పోతుంది. పైగా అందులోది కుదించిన బొమ్మ, దాన్నుంచి మళ్లీ మంచి వీడియో రాదు. ఫోన్లో తీసిన అసలు క్లిప్పులు, ఎడిట్ అయిన ఎంపీ4, షాట్‌కట్ ప్రాజెక్ట్ ఫైల్, మూడూ ఒకే ఫోల్డర్‌లో ఉంచండి. ప్రాజెక్ట్ ఫైల్‌లో వీడియో ఉండదు, ఏ క్లిప్ ఎక్కడుందో చిరునామా మాత్రమే ఉంటుంది. క్లిప్పుల్ని వేరే చోటికి జరిపితే అది వెతుక్కుంటూ ఉండిపోతుంది. 1080లో నిమిషం వీడియో సుమారు 130 ఎంబీ అవుతుంది, అంటే గంటకు దాదాపు 8 జీబీ. ఫోన్లో ఇది నిలవదు. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి, రెండో కాపీ ఇంకో ఇంట్లో పెట్టండి.

మా దగ్గర ఒక పెద్దాయన తన దేశీ వరి విత్తనాలు, ఏది ఏ నేలకు, ఏ నీటికి అన్నది గంటసేపు చెప్పాడు. ఆ కుటుంబం ఎడిటింగ్‌కి టౌన్లో ఒక స్టూడియోకి ఇచ్చింది. తిరిగొచ్చింది పాటలు పెట్టిన పద్దెనిమిది నిమిషాల డీవీడీ. మిగతా నలభై నిమిషాలు స్టూడియోవాళ్లు చెరిపేశారు. పెద్దాయన ఇప్పుడు లేడు. ఎడిటింగ్ ఎవరితో చేయించినా అసలు క్లిప్పుల కాపీ మీ దగ్గర పెట్టుకుని, ఇంకో కాపీయే ఇవ్వండి.

చివరగా, డిస్క్ మీద స్టిక్కర్ అంటించొద్దు, మార్కర్‌తో పేరుతో పాటు నెల, సంవత్సరం రాయండి. రేపు మీరు ఒక కషాయం మోతాదు మారిస్తే ఎవరి దగ్గర పాత డిస్క్ ఉందో ఆ తేదీ చూసి చెప్పొచ్చు.