కొయ్యమందు – వాననీరు

కొయ్యకు చెద పట్టకుండ మందు పెట్టుట మేలైన పనియే. కాని ఆ మందు పెట్టు కార్ఖానాలో కురిసిన వాన ఎక్కడికి పోవుచున్నదో కూడ విచారింపవలెను. ఆ సంగతినే నేడు మీకు మనవి చేయదలచితిని.

తెలుగువారైన సొంటి కామేశముగారు డెహ్రాడూనులోని అటవీ పరిశోధన సంస్థలో పనిచేయుచు, 1933లో రాగి, క్రోమియము, పాషాణము చేరిన మందు నొకదానిని కనిపెట్టిరి. శాస్త్రజ్ఞులు ఆర్సెనిక్ అనునది ఈ పాషాణమే. స్తంభములకును, కంచె గుంజలకును ఆ మందు దేశదేశముల వ్యాపించినది.

కొయ్యను పెద్ద ఇనుపగొట్టములో నుంచి, గాలిని లాగివేసి, మందునీటిని ఒత్తిడితో ఎక్కింతురు. వెలికి తీసిన కొయ్య తడిబట్టవలె కారుచుండును. మందు కొయ్యను గట్టిగా పట్టుకొనుటకు వేడి దినములలో కొన్ని రోజులు, చలిలో కొన్ని వారములు పట్టును. ఈలోపల వాన తగిలినచో మందు కొట్టుకొనిపోవును.

ఒక లెక్క చూడుడు. ఎకరము నేలపై అంగుళము వాన కురిసినచో లక్ష లీటర్లకు మించిన నీరగును. త్రాగునీటిలో లీటరునకు 10 మైక్రోగ్రాములకు మించి పాషాణ ముండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. అనగా లక్ష లీటర్లకు ఒక్క గ్రాము! ఆ నీటిని కాచినను విషము పోదు; నీరు ఇగిరిన కొలది చిక్కనగును.

కావున చెడిన నీటిని బాగుచేయుటకంటె మంచినీటిని చెడనీయకుండుట సులువు. కారుచున్న కొయ్యను కప్పుక్రిందనే ఉంచవలెను. నేల పగుళ్లులేని కాంక్రీటుతో, ఒక గుంటవైపు వాలుగా నుండవలెను. గుంటలో చేరిన మందును మరల తొట్టిలో వాడుకొనవచ్చును. కప్పుమీది వాననీటిని వేరు కాలువలో మళ్లింపవలెను. బండిచక్రములతోను, చెప్పులతోను మందు ఆవరణలోనికి పోకుండ కడిగించవలెను. ఆవరణలోని నీటిని చెరువుకు వదలక, మడుగులో నిలిపి, మడ్డి దిగిన పిమ్మట పరీక్షించియే వదలవలెను. ఆ మడ్డియు విషమే; ఎరువని పొలమునకు తోలరాదు.

అశ్రద్ధకు ఫలమేమో అమెరికాలో కాననగును. పోర్ట్‌లాండ్ నగరమున విల్లమెట్ నది యొడ్డున మెక్కార్మిక్ అండ్ బాక్స్‌టర్ కార్ఖానా 1944 నుండి 1991 వరకు క్రియోసోటు మొదలగు మందులను కొయ్యకు పట్టించినది. నేలయు, నదీగర్భమును చెడినవి. 1994లో ప్రభుత్వము ఆ చోటును శుద్ధిచేయవలసిన విషస్థలముల పట్టికలో చేర్చినది. పిదప భూమిలో అడ్డుగోడ కట్టి, నదీగర్భముపై ఇసుక కప్పవలసివచ్చినది. కార్ఖానా మూతపడినను దాని విషము మూతపడలేదు.

మీ గ్రామసమీపమున ఇట్టి కార్ఖానా యున్నచో, తొలకరికి ముందే పెద్దలు నలుగురు పోయి కప్పును, కాలువను, మడుగును చూపుమని అడుగుడు. మందుపట్టిన పాత కొయ్యను పొయ్యిలో పెట్టనీయకుడు. పొగలోను బూడిదలోను పాషాణముండును. వాన అందరిది, అది పారు దారిని కనిపెట్టి యుండుట గ్రామపెద్దల బాధ్యత.