చీకట్లో నడక, వెలుగులో రేవు

విశాఖపట్నం నుంచి కాకినాడకు సముద్రం మీద సుమారు 70 నాటికల్ మైళ్లు, అంటే 130 కిలోమీటర్లు. గంటకు 5 మైళ్లు నడిచే తెరచాప పడవకు 14 గంటలు పడుతుంది. ఒక్క పగటితో తెమిలే దూరం కాదు కాబట్టి రాత్రి తప్పదు. లెక్క మాత్రం చేరే వేళ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వేసుకోవాలి.

కాకినాడ ముందు హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ, గోదావరి తెచ్చిపోసిన మేటలు ఉన్నాయి. చీకట్లో అవి కనిపించవు కాబట్టి వెలుగులోనే చేరాలి. ఉదయం 7కు చేరాలంటే సాయంత్రం 5కు లంగరు ఎత్తాలి. గాలి పడిపోయి వేగం 4 మైళ్లకు తగ్గినా పదిన్నరకు చేరతారు, నష్టం లేదు. గాలి జోరందుకుని 7 మైళ్లు నడిస్తేనే చిక్కు: తెల్లవారుజామున 3కే రేవు ముందుంటారు. వాకలపూడి లైట్‌హౌస్ వెలుగు చూడగానే లోపలికి తిరగాలనిపిస్తుంది. తిరగకూడదు. తెరచాప తగ్గించి, తెల్లారేదాకా బయటే కాచుకోవాలి.

ఏ నెలలో వెళ్లాలో గాలీ నీళ్లూ చెబుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కోస్తా వెంట ప్రవాహం దక్షిణానికి, ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి సాగుతుంది. అందుకే కాకినాడ వైపు వెళ్లడానికి ఈశాన్య గాలి తోడయ్యే డిసెంబరు, తిరిగి రావడానికి మార్చి అనుకూలం. అక్టోబరు, నవంబరుల్లోనూ ప్రవాహం కలిసొస్తుంది గానీ అవి తుపాన్ల నెలలు. డిసెంబరులోనైనా వాయుగుండం కబురుంటే కదలకూడదు. అలల ఎత్తు, ప్రవాహాల అంచనాలు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చెబుతుంది.

వెన్నెలకు పంచాంగం చాలు. పున్నమినాడు చంద్రుడు రాత్రంతా ఉంటాడు. శుద్ధ దశమినాడు బయలుదేరితే రెండు, మూడు గంటల వేళ చంద్రుడు కుంకుతాడు. సరిగ్గా నిద్ర ముంచుకొచ్చే సమయానికి చీకటి.

ఇక దారి. తీరానికి దగ్గరగా పోతే పూడిమడక లాంటి ఊళ్ల పడవలు, వలలు అడ్డొస్తాయి. వల చివర చిన్న దీపం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం వల్ల ఈ బెడద తగ్గుతుంది. మరీ సముద్రం లోపలికి పోతే పెద్ద ఓడలు ఎదురవుతాయి. రాత్రి నేల మీంచి వీచే గాలి ఒడ్డుకు దగ్గరలోనే అందుతుంది; నాటు పడవల జాలర్లు తెల్లవారకముందు వేటకు కదిలేది దానితోనే. అయితే గాలి ఒడ్డువైపు తోస్తున్న రాత్రి దూరం జరగడమే క్షేమం. తాడు తెగినా, చుక్కాని విరిగినా బాగుచేసుకునే వ్యవధి ఉంటుంది.

హైవే మీద నిద్రొస్తే లారీని పక్కన ఆపుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. ఇద్దరుంటే మూడేసి గంటల వంతులు పెట్టుకోవాలి. ఒక్కరే అయితే ఈ దారిలో రాత్రి బయలుదేరకపోవడమే మంచిది.