అమ్మేవారి ఆసక్తి

హైదరాబాదు నుండి విజయవాడకు వెళ్ళే జాతీయ రహదారిపై చౌటుప్పల్ ఉంది. ఆ మండలంలోని కొయ్యలగూడెం ఇక్కత్ నేతకు పేరుపొందిన గ్రామం. నేతగాని నైపుణ్యాన్ని మెచ్చుకొనేవారు ఎందరో ఉన్నారు. ఆ చీరను కొనుగోలుదారుని చేతికి అందించే విక్రేతను గురించి ఆలోచించినవారు మాత్రం తక్కువ.

మన దేశం ప్రణాళికాబద్ధ ఆర్థిక విధానాన్ని అనుసరించిన కాలంలో, 1976లో, చేనేత వస్త్రాల విక్రయానికి ఆప్కో ఏర్పడింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలో ఆ పనిని టెస్కో చేపట్టింది. ఆనాటి ప్రభుత్వ, సహకార విక్రయశాలలలో సాధారణంగా జీతం నిశ్చితం. పది చీరలు అమ్మినా, ఒక్కటీ అమ్మకపోయినా నెలాఖరున చేతికి వచ్చేది అంతే.

సోవియట్ యూనియన్‌లో ప్రణాళిక మరింత సంపూర్ణం. అక్కడి దుకాణాలలో వస్తువును ఎంచుకొనడానికి ఒక వరుస, డబ్బు చెల్లించడానికి మరొక వరుస, రసీదు చూపి వస్తువును తీసుకొనడానికి ఇంకొక వరుస. ఆ వ్యవస్థలో కొరత యాదృచ్ఛికం కాదని, అది దాని స్వభావమేనని హంగేరీ ఆర్థికవేత్త యానోష్ కోర్నయ్ 1980లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. సరుకు కరవైన చోట బతిమాలవలసినవాడు కొనేవాడే. విక్రేత ముభావాన్ని సోమరితనమనడం సరికాదు. నవ్వవలసిన అవసరమే అతనికి లేదు. తెలిసినవారికోసం సరుకు దాచి ఉంచగల అధికారమే ఒక్కొక్కసారి అతని అసలు సంపాదన.

1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైంది. అదే సంవత్సరం మన దేశంలో ఆర్థిక సంస్కరణలు ఆరంభమయ్యాయి. క్రమంగా కమీషన్లు, అమ్మకాల లక్ష్యాలు పెరిగాయి. వాటితోపాటు ఉద్యోగ భయమూ పెరిగింది.

జీతం, పని పరిస్థితులు బాగాలేకపోతే అసంతృప్తి కలుగుతుందనీ, అవి బాగున్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదనీ, అందుకు గుర్తింపు, బాధ్యత కావాలనీ అమెరికా మనస్తత్వవేత్త హెర్జ్‌బర్గ్ 1959లో ప్రతిపాదించాడు. మన దగ్గర మొదటి మెట్టే ఇంకా పూర్తికాలేదు. వస్త్ర దుకాణాలలో పనివేళల్లో కూర్చొనే హక్కు కోసం కేరళ మహిళా ఉద్యోగులు ఏళ్ళ తరబడి పోరాడవలసి వచ్చింది. 2018లో అక్కడా, 2021లో తమిళనాడులోనూ చట్టాలను సవరించారు.

రెండవ మెట్టుకు ఇక్కత్ చీరయే ఉదాహరణ. నేయకముందే నూలును చిటికీలు కట్టి రంగులద్దుతారు కనుక దాని డిజైను రెండువైపులా కనిపిస్తుంది. అచ్చువేసిన నకలులో వెనుకవైపు సాధారణంగా వెలవెలబోతుంది. కమీషను ఒక్కటే లక్ష్యమైన విక్రేత నకలునైనా అంటగట్టగలడు. నేత తెలిసి, తన మాటకు విలువ ఉందని నమ్మిన విక్రేత, అడగకముందే చీరను తిరగేసి చూపుతాడు.