అతుకు కనబడని హౌరా బ్రిడ్జి

కోల్‌కతాలో మల్లిక్ ఘాట్ పూలబజారు దగ్గర, హుగ్లీ నది ఒడ్డున నిలబడితే హౌరా బ్రిడ్జి ఎంత పెద్దదో అర్థమవుతుంది. దాని పొడవు 705 మీటర్లు. రెండు ప్రధాన స్తంభాల మధ్య దూరమే 457 మీటర్లు. అంత దగ్గర నుంచి మామూలు కెమెరాలో వంతెన మొత్తం ఒక్క ఫోటోలో పట్టదు. అప్పుడు ముక్కలుగా నాలుగైదు ఫోటోలు తీసి, వాటిని కంప్యూటర్‌లో ఒకటిగా అతికించాలి.

ఈ ఆలోచన కంప్యూటర్‌తో పుట్టింది కాదు. 1847లో ఫ్రెడరిక్ ఫీబిగ్ అనే చిత్రకారుడు ఇదే నగరంలోని ఆక్టర్‌లోనీ స్తంభం (నేటి షహీద్ మినార్) పైనుంచి కనబడే దృశ్యాన్ని ఆరు రాతి అచ్చు చిత్రాలుగా వెలువరించాడు. బొమ్మ గీసేవాడు అంచుల దగ్గర చెయ్యి కాస్త సర్దుకోగలడు. కెమెరాకు అలాంటి మొహమాటాలు లేవు. ఆ సర్దుబాటంతా సాఫ్ట్‌వేర్ చేయాలి.

డిజిటల్ ఫోటో అంటే అంకెల పట్టిక. పిక్సెల్ అనే ప్రతి చిన్న గడికీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల స్థాయిని చెప్పే మూడు అంకెలుంటాయి. సాధారణంగా ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు. పక్కపక్క ఫోటోలలో దాదాపు మూడో వంతు దృశ్యం ఉమ్మడిగా ఉంటే, రెండింటిలోనూ కనబడే బిందువులను సాఫ్ట్‌వేర్ వెతికి జతపరుస్తుంది. నది నీళ్ళు ఇందుకు పనికిరావు, అలలు క్షణానికొక తీరుగా ఉంటాయి కదా! వంతెన ఉక్కు కడ్డీలు కలిసే మూలలు నయం. కాని అక్కడా ఒక చిక్కుంది. ఒకే రకం త్రిభుజాలు వరుసగా ఉండటంతో ఒక మూలను దాని పక్క మూలగా పొరబడవచ్చు.

దీనికి విరుగుడు ఓటింగు లాంటిది. కొన్ని జతలను యాదృచ్ఛికంగా తీసుకుని, వాటి ప్రకారం రెండో ఫోటోను ఎంత జరపాలో, ఎంత తిప్పాలో లెక్కకడతారు. మిగతా జతలలో ఎన్ని ఆ లెక్కకు ఒప్పుకుంటాయో చూస్తారు. ఇలా చాలాసార్లు చేసి, ఎక్కువ మద్దతు వచ్చిన లెక్కను ఉంచుకుంటారు. 1981లో ఫిష్లర్, బోల్స్ ప్రచురించిన ఈ పద్ధతికి రాన్‌సాక్ అని పేరు.

ఫోటోలు తీసేటప్పుడు కెమెరాను ఉన్నచోటే ఉంచి తిప్పాలి. రెండడుగులు పక్కకు జరిగారా, దగ్గరి పడవ దూరపు వంతెన ముందు చోటు మారుతుంది. ఫోటోను ఎంత సాగదీసినా రెండూ ఒకేసారి కుదరవు. ముఖం ముందు వేలుంచి, ఒక్కొక్క కన్నూ మార్చి మార్చి మూసి చూడండి. సంగతి తెలిసిపోతుంది.

ఇక అతుకు. ఒకేచోట ఆకాశం స్థాయి ఎడమ ఫోటోలో 200, కుడి ఫోటోలో 160 ఉందనుకుందాం. నేరుగా అతికిస్తే గీత కొట్టొచ్చినట్లు కనబడుతుంది. అందుకని ఉమ్మడి భాగంలో ఎడమ ఫోటో వాటాను మెల్లగా తగ్గిస్తూ, కుడిదాన్ని పెంచుతారు. పావు దూరంలో 190, సగంలో 180, ముప్పావులో 170. మన కన్ను హఠాత్తు మార్పును పట్టినట్లుగా నిదాన మార్పును పట్టలేదు.

కదిలే వస్తువులతోనే అసలు తంటా. రెండు ఫోటోల మధ్య స్టీమరు కదిలితే, కలిపిన చోట అది పారదర్శకమైన దయ్యంలా తేలుతుంది, లేదా ఒక్క స్టీమరే రెండుగా కనబడుతుంది. అప్పుడు ఫోటోలను వేర్వేరు పొరలుగా పెట్టి, ఏ పొర ఎక్కడ కనబడాలో మాస్క్‌తో మనమే నిర్ణయించాలి. ఫోటోషాప్‌లో పొరలు 1994లో వచ్చాయి. ఉచితంగా దొరికే గింప్‌లోనూ ఆ సౌకర్యం ఉంది. మాస్క్‌లో తెలుపు ఉన్నచోట పొర కనబడుతుంది, నలుపు ఉన్నచోట దాగుతుంది.

స్టీమరు రెండుసార్లు పడితే నవ్వుకుంటాం. బ్రిగేడ్ పరేడ్ గ్రౌండ్‌లో జరిగిన సభ ఫోటోను ఇలాగే అతికించారనుకోండి. అతుకు దగ్గర నడుస్తున్నవాళ్ళు రెండుసార్లు పడవచ్చు, అసలు పడకనూ పోవచ్చు. ఎవరూ మోసం తలపెట్టకపోయినా, ఆ ఫోటో చూసి జనాన్ని లెక్కపెడితే లెక్క తప్పుతుంది. అలాంటి ఫోటోలో ఒకే ముఖం, ఒకే మడత పడిన జెండా రెండుచోట్ల ఉన్నాయేమో ముందు వెతకాలి. అతికించినవారు మూల ఫోటోలను చెరపకుండా దాచి ఉంచితే, అనుమానం వచ్చినప్పుడు పక్కన పెట్టి సరిచూడవచ్చు.