నన్నారి: వేరు తీసినా తీగ బ్రతకాలి

ఎండాకాలం వచ్చిందంటే రాయలసీమ ఊళ్లలో నన్నారి షర్బత్ బండ్లు వెలుస్తాయి. ఎండనపడి వచ్చినవారికి నిమ్మరసం, నానిన సబ్జాగింజలు కలిపిన ఒక గ్లాసు అందిస్తే ప్రాణం లేచి వస్తుంది. ఆ చల్లదనం వెనుక ఉన్న మొక్కను మనలో ఎందరు చూశారు?

అది ఒక అడవి తీగ. నన్నారి కొమ్ములనీ, మారేడు కొమ్ములనీ పిలిచే దీని వేళ్లు నల్లమల, శేషాచలం కొండల్లో రాతి సందుల్లో ఊరుతాయి. మారేడు చెట్టుకూ దీనికీ సంబంధం లేదు. దక్షిణ భారతంలో తప్ప లోకంలో మరెక్కడా ఇది సహజంగా పెరగదు. తీగను తుంచితే పాలు కారతాయి. కాయలు జంటగా కాస్తాయి. అవి ఎండి పగిలినప్పుడు పట్టుకుచ్చు గల గింజలు గాలికి ఎగిరిపోతాయి. భూమిలో కండగల వేళ్లు గుత్తిగా ఉంటాయి. వాటి పరిమళం వనిల్లాను గుర్తుకు తెస్తుంది. పొలం గట్లపై కనిపించే సన్నని సుగంధిపాల వేరే మొక్క. దాని వేళ్లతోనూ షర్బత్ చేస్తారు గనుక చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

ఇంట్లో చేసుకోవాలంటే వేళ్లను బాగా కడిగి, దంచి, నడుమనున్న గట్టి పుల్లను తీసివేయాలి. పైకండను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, మర్నాడు సన్నని సెగపై కాసేపు కాచి వడకట్టాలి. ఎక్కువసేపు మరిగిస్తే పరిమళం పోతుంది. అందులో పంచదార గాని బెల్లం గాని వేసి పాకం పట్టి సీసాకెత్తుకోవచ్చు. కన్నడ, తమిళ ఇండ్లలో ఈ వేళ్ల ముక్కలతో ఊరగాయ పెడతారు.

ఆకలి పుట్టిస్తుందనీ, ఒంటి వేడి తగ్గిస్తుందనీ పెద్దలు దీనిని వాడేవారు. అయితే దీనిని నమ్ముకొని డాక్టరు ఇచ్చిన మందులు మానకూడదు. చక్కెర వ్యాధి గలవారు షర్బత్‌లోని తీపి విషయం మరువకూడదు.

ఇక అసలు సంగతి. ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది, పండు కోస్తే చెట్టు నిలుస్తుంది. వేళ్లన్నీ తవ్వేస్తే తీగే చచ్చిపోతుంది. గిరాకీ పెరిగి, అడవిలో విపరీతంగా తవ్వడంవల్ల 2015లో ఈ తీగ అంతరించే ప్రమాదమున్న మొక్కల అంతర్జాతీయ ఎర్ర జాబితాకెక్కింది. ఇది అంతరిస్తే, ఈ వేళ్లు అమ్ముకొని బ్రతికే అడవిబిడ్డల జీవనమూ దెబ్బతింటుంది.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో పక్షిగూటిని గురించిన చిన్న ఆజ్ఞ ఒకటుంది. పిల్లలను తీసుకోనిచ్చిన దేవుడు తల్లిని మాత్రం వదిలిపెట్టమన్నాడు. నన్నారికీ అదే న్యాయం. గుత్తిలో కొన్ని వేళ్లు తీసి, మిగిలినవాటిపై మన్ను కప్పితే తీగ బ్రతుకుతుంది. వేళ్లు కొనే మనం తోటలో పెంచినవి దొరుకుతాయేమో అడుగుదాం. నారు దొరికితే పెరట్లోనో, మందిర ఆవరణలోనో ఒక తీగ నాటుదాం. ఈ వేసవిలో మన దాహం తీర్చిన తీగ మన మనుమల దాహమూ తీర్చాలి కదా!