బిట్రగుంట లోకోషెడ్డు – మిగిలిన నేల

మన బోగోలు మండలములోని బిట్రగుంట స్టేషనును ఎరుగని రైతు లేడు. ఐనను అంత పెద్ద లోకోషెడ్డు నెల్లూరు పట్టణమున గాక యీ చిన్న యూర నేల వెలసెనో యోచించినవారు కొందరే. విజయవాడకును చెన్నపట్నమునకును నడుమ రైలుదారి సుమారు 430 కిలోమీటర్లు. 1899లో ఆ దారి కలిసెను. దానికి ఇంచుమించు నడిమిని బిట్రగుంట యున్నది. ఆవిరి యెంజను మన యెద్దువంటిది. మేతయు నీరును లేక సాగదు. నడిదారిని బొగ్గు నింపవలెను, నీరు పట్టవలెను, బూడిద దులుపవలెను, బాయిలరు కడుగవలెను, డ్రైవరును ఫైర్‌మనును మారవలెను. అందులకే షెడ్డు. దానిచుట్టును క్వార్టర్లు లేచెను. ఇరుగుపొరుగు పల్లెల పాలకును కూరగాయలకును నెలజీతపు ఇండ్లు దొరికెను.

1980 నాటికి విజయవాడ–గూడూరు దారికి విద్యుత్తు వచ్చెను. తీగనుండి బలము గైకొను ఎంజనునకు నడిదారిని నీరును బొగ్గును అక్కరలేదు. ఎవ్వరి తప్పును లేకయే షెడ్డునకు పని పోయెను. విశాలమగు రైల్వే భూమి మిగిలెను. అచ్చట మరల నొక కర్మాగారము పెట్టుడని యీ ప్రాంతమువారు పెక్కుమారులు కోరియున్నారు.

ఆ కోరికను మేము కాదనము. సాగునకిమ్మని యడుగుట మాత్రము తగదు. ఏండ్లతరబడి నూనెయు బూడిదయు పీల్చిన మన్నున పైరు సరిగా నిలువదు. పరీక్ష చేయింపక విత్తనము చల్లినచో విత్తనమే దండుగ.

రైలుప్రక్క నేలకు తగినది గిడ్డంగి. కోతలనాడు కల్లములోనే వడ్లు అయినకాడికి అమ్ముకొనుట మనకు ఏటేటి నష్టము. 2007 నాటి గిడ్డంగుల చట్టముక్రింద నమోదైన గిడ్డంగిలో సరకుంచినవారికి చేతులు మారగల రశీదు లభించును. దానిపై బ్యాంకులో అప్పు పుట్టును. వడ్లలో తేమ నూటికి 14 పాళ్లకు మించరాదు. బస్తాలక్రింద కర్రచట్రములు వేసి, గోడకు ఎడముగా పేర్చవలెను. పాత కప్పు ఎంత గట్టిగా నున్నను, నూనె పట్టిన నేలను త్రవ్వి గచ్చు చేయనిదే యొక్క బస్తాయు దింపరాదు. వడ్లు వాసన పట్టును.

భూమి రైల్వేవారిది, ఇచ్చుటయు మానుటయు వారి చేతిలోనిది. ఉత్తచేతులతో పోయినవారి అర్జీ ఏ ఆఫీసునను కదలదు. కావున ప్రతి సంఘమును తన సభ్యులు ఎన్ని పుట్లు, ఎన్ని నెలలు నిలువచేయదలచిరో ముందుగా లెక్క వ్రాయవలెను. అందు సన్నములను లావులను వేర్వేరుగా చూపవలెను.