తెలుఁగునాఁటఁ గతోలికమతము – దేశాచారవివాదము

గుంటూరునకు దక్షిణమునఁ బ్రత్తిపాటి ప్రాంతమందు నల్లరేగడినేలలు గలవు. ప్రత్తియు మిరపయు నచ్చటి ప్రధానసస్యములు. ఆ ప్రాంతమునందలి ముట్లూరును, ఫిరంగిపురము, పాటిబండ్ల మున్నగు గ్రామములును బ్రాచీనకతోలికస్థానములు. ఇచ్చటి కతోలికులు భగవంతుని సర్వేశ్వరుఁడందురు. మతప్రవేశసంస్కారమును జ్ఞానస్నానమనియు, పూజాంతమునఁ గొను నప్పమును సత్ప్రసాదమనియు వ్యవహరింతురు. ప్రొటెస్టంటులు బాప్తిస్మమను గ్రీకుపదమునే నిలుపుకొనఁగా వీరు సంస్కృతపదములఁ గూర్చుకొనిరి. ఇది కేవలము భాషాభిరుచిచేఁ గలిగిన భేదము గాదు. మతమేది, దేశాచారమేది యను గొప్పవివాదముయొక్క చిహ్నము లీ పదములందు నిలిచియున్నవి.

ఆ వివాదమునకు మూలపురుషుఁడు రాబర్టు డి నోబిలి (1577–1656). ఇటలీదేశీయుఁడగు నీ యేసుసభాగురువు 1606లో మధురకు వచ్చెను. అప్పుడు మధుర నేలువారు తెలుఁగు నాయకరాజులు. అతనికి సంస్కృతము గఱపిన శివధర్ముఁడును దెలుఁగు బ్రాహ్మణుఁడే. క్రైస్తవులగుటయనఁగాఁ ఫిరంగులగుటయని జనులు తలంచుచుండుట గాంచి, నోబిలి కాషాయమును ధరించి, మాంసమును విడిచి, సన్న్యాసివలె మెలఁగెను. శిఖ, యజ్ఞోపవీతము, చందనము, స్నానము అనునవి లోకమర్యాదలే కాని దేవతారాధనములు గావని యతని వాదము. దానిని గొందఱు తోడి గురువులే యాక్షేపించిరి. 1623లో పదునైదవ గ్రెగరీ పోపు విచారించి, యన్యదేవతాభావమును దొలఁగించు నియమముతో నా యాచారముల ననుమతించెను.

పదునెనిమిదవశతాబ్ది యారంభమున ఫ్రెంచి యేసుసభవారు కర్ణాటకమిషనను పేర నీ పద్ధతిని దెలుఁగుసీమకుఁ దెచ్చిరి. పుంగనూరు, కృష్ణాపురము వారి తొలిస్థానములలోనివి. బూషే, లె గాక్ మున్నగువారు సన్న్యాసివేషముననే సంచరించిరి. 1732లో నిండియాకు వచ్చిన కూర్దూ (1691–1779) తెలుఁగు నిఘంటువును గూర్చెను. సంస్కృతమునకు గ్రీకు లాటిను భాషలతోఁ గల బాంధవ్యమును 1767లోఁ బారిసు విద్వత్సభకుఁ దెలిపెను. మతప్రచారమునకై యారంభించిన భాషాభ్యాస మిట్లు భాషాశాస్త్రమునకుఁ దోడ్పడెను. తోబియా కథను పింగళి యెల్లనార్యుఁడు ప్రబంధముగ రచించి సర్వేశ్వరమాహాత్మ్యమని పేరిడుటయు నీ సమన్వయమునకే నిదర్శనము. ఆ కథ కతోలికుల వేదగ్రంథమునఁ గలదు. ప్రొటెస్టంటుల దానిలో లేదు.

ఇంతలో రోమునుండి ప్రతినిధిగ వచ్చిన టూర్నాను 1704లోఁ బుదుచ్చేరియందొక శాసనము వెలువరించెను. జ్ఞానస్నానమున లాలాజలమును, ఉప్పును, ఊపిరిని విడువరాదనియు, దేవతారూపము గల తాళిని గట్టరాదనియు, పఱయలు రోగులైనపుడు గురువులు వారి యిండ్లకే పోయి సంస్కారములొసఁగవలెననియు నందలి ముఖ్యవిధులు. ఉమ్మి తగులుట దేశీయులకు జుగుప్సాకరమని గురువులు విన్నవించిరి. తుదకు 1744లోఁ బదునాలుగవ బెనెడిక్టు పోపు శాసనమును స్థిరపఱచి, గురువులందఱు దానికి లోఁబడుదుమని ప్రమాణము సేయవలెనని విధించెను. పఱయలకు మాత్రము వేఱుగ గురువులను నియమించుట కంగీకరించెను.

ఇచ్చటనే యీ చరిత్రయందలి ధర్మసంకటము గోచరించును. శిఖయుఁ జందనమును వలెఁ గులభేదమునుగూడ లోకమర్యాదగ నెంచుటచే నగ్రవర్ణములవారికి మతద్వారము తెఱవఁబడెను. కాని యా ద్వారముననే యంటరానితనమును లోనఁ బ్రవేశించెను. సర్వమానవులు నేకదేహాంగములని బోధించు మతమున వేఱు గురువులు, వేఱు స్థానము లేర్పడుట సిద్ధాంతమునకు విరుద్ధము. అట్లని విదేశాచారమును యథాతథముగ నిలుపుటయు న్యాయము గాదు. వేషమును భాషయు మనుష్యుని నవమానింపవు; కులభేద మవమానించును. ఈ రెంటిని నొక్కతరగతిఁ జేర్చుటయే యప్పటి వారి పొరపాటని చెప్పఁదగును.

యేసుసభ 1773లో రద్దయ్యెను. రాయలసీమయందలి యుద్ధములచేతను గఱవులచేతను వలసవచ్చిన రెడ్డి, కమ్మ కతోలికకుటుంబములు గుంటూరుసీమయందు మతమును నిలిపినవి. 1875నుండి మిల్‌హిల్ సభవారు తెలుఁగుసీమయందుఁ బనిచేసిరి. మాల మాదిగలు పెక్కండ్రు మతమునఁ జేరిరి. 1940 ఫిబ్రవరిలో గుంటూరు పీఠ మేర్పడెను. తెలుఁగువాఁడగు పోతకమూరి తోమాసు ప్రథమపీఠాధిపతి యయ్యెను. ఆ సంవత్సరము ఏప్రిలులోనే రోమువారు 1744 నాటి ప్రమాణమును దొలఁగించిరి. రెండవ వాటికను మహాసభ (1962–65) దేశభాషలలోఁ బూజ సేయుట కనుమతించెను.

వేషభాషల వివాద మిట్లు ముగిసెను, కులవివాదము ముగియలేదు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువుచేఁ గ్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డుకులముల హోదా లేదు. ప్రత్తిపాడు శాసనసభాస్థానము 2009నుండి షెడ్యూల్డుకులములకుఁ గేటాయింపఁబడియున్నను, జ్ఞానస్నానము పొందిన దళితుఁ డచ్చట నిలువ నర్హుఁడు గాఁడు. గుడిలోపల కులము పోలేదు. గుడివెలుపల కులము లేదని చట్టము చెప్పుచున్నది. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని కార్డినలయ్యెను. దళితులలోను, దెలుఁగువారిలోను నా పదవి నందిన ప్రథముఁ డతఁడే. టూర్నాను పఱయల యిండ్లకుఁ బొండని గురువుల కానతిచ్చిన నాఁటికిని, ఆ కులములవాఁడే గురుపీఠమున నున్నతాసన మెక్కిన నాఁటికిని నడుమ మున్నూటపదునెనిమిదేండ్లు గడచినవి.